గీత గీయకుండానే మారే బడి హద్దులు: రాయగడ లెక్క

ఊరు పెరుగుతోందని అందరికంటే ముందు తెలిసేది ఒకటో తరగతి మేస్టారికి. కొత్త ఇంటికి పన్ను రసీదు పుట్టకముందే, ఒక్కోసారి కరెంటు మీటరు బిగించకముందే, ఆ ఇంటి పిల్లాడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని బడి గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు. ఒడిశాలో కొత్త తరగతులు ఏప్రిల్లోనే మొదలవుతాయి కాబట్టి ఎండలు ముదిరే వేళకి సంగతి బెంచీల మీదే కనిపిస్తుంది. ముగ్గురి బెంచీ మీద ఐదుగురు. చివరివాడు ఒక కాలు నేలకి ఆనించి సగం గాల్లో కూర్చుంటాడు, సంచీ ఒళ్లో, నోట్సు సంచీ మీద, పక్కవాడి మోచెయ్యి తగిలి గుణింతం వంకరపోతే అక్కడో చిన్న యుద్ధం. మధ్యాహ్న భోజనం రెండు బంతులు పెడతారు. రెండో బంతి వాళ్లు తిని చేతులు కడుక్కునేసరికి మొదటి బంతి వాళ్ల పీరియడ్ సగం అయిపోయి ఉంటుంది.

అప్పుడు పేరెంట్స్ మీటింగ్‌లో అసలు మాట బయటికొస్తుంది: ఎవరి పిల్లలు ఇక్కడ ఉండాలి, ఎవరి పిల్లలు అవతలి బడికి వెళ్లాలి?

ఒడిశా–ఆంధ్ర సరిహద్దు ఊళ్లలో ఈ ప్రశ్నకి ఇంకో పొర ఉంటుంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం, ఇవన్నీ 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ కిందే ఉండేవి. ఆ రోజు ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడి గీత ఇటు పడింది, మనుషులు ఉన్నచోటే ఉన్నారు. అందుకే ఇక్కడ ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగూ ఒడియా కలిపి, ఆఫీసులో ఒడియా. తెలుగు చెప్పే ప్రభుత్వ బడులు అక్కడక్కడా ఉన్నాయి, వాటిలో మేస్టార్ల కొరత పాత కథే. అలాంటి బడి పక్కనే కొత్త కాలనీ లేస్తే ఏమవుతుందన్నది విడిగా చూడాల్సిన విషయం, ఎందుకంటే మామూలు బడికి పనిచేసే లెక్క దీనికి పనిచేయదు.

ముందు ఊరి పెరుగుదల సంగతి. రాయగడ పట్నం జనాభా 2001లో 57,732, 2011లో 71,208. పదేళ్లలో 13 వేలకు పైగా పెరిగింది. ఆ తర్వాత? అధికారిక లెక్క లేదు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడుతూ వచ్చింది, కొత్తదానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అంటే ఇవాళ ఒకటో తరగతిలో చేరుతున్న పిల్లలు ఆఖరి జనగణన నాటికి పుట్టనే లేదు, వాళ్ల అమ్మానాన్నల్లో చాలామందికి అప్పటికి పెళ్లి కూడా కాలేదు. ఇక ఊరు పెరగడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. విజయనగరం–రాయపూర్ లైను మీద జంక్షన్, పక్కనే జేకేపూర్ పేపరు మిల్లు, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, కాశీపూర్ వైపు అల్యూమినా రిఫైనరీ. వీటి మీద 2019 ఫిబ్రవరిలో రాయగడకి రైల్వే డివిజన్ ప్రకటించారు, 2025 జనవరి 6న డివిజన్ ఆఫీసు భవనానికి శంకుస్థాపన జరిగింది. డివిజన్ ఆఫీసు అంటే ఫైళ్లూ కుర్చీలే కాదు. బదిలీ మీద వచ్చే ఉద్యోగి, అతనికి అద్దె ఇల్లు, ఆ ఇంటి కింద కిరాణా కొట్టు, ఆ కొట్లో పనికి వచ్చిన కుర్రాడు, అతని చెల్లెలు, అందరికీ బడి కావాలి. ఆఫీసు కట్టడం పూర్తయ్యేదాకా ఈ జనం ఆగరు, ప్రకటన రాగానే ప్లాట్ల రేట్లు ఎలా కదులుతాయో ఏ ఊరి వాళ్లకైనా తెలుసు.

మీటింగ్‌లో వినిపించే వాదనలు ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఒక్కటే. పాత వార్డు వాళ్లు అంటారు, ఈ బడికి స్థలం ఇచ్చింది మా పెద్దలు, మా నాన్న ఇక్కడే చదివాడు, నేను ఇక్కడే చదివాను, నిన్న వచ్చిన వాళ్ల కోసం మా పిల్లల్ని ఎక్కడికో పంపుతారా. కొత్త కాలనీ వాళ్లు అంటారు, మేమూ పన్ను కడుతున్నాం, ఇది సర్కారు బడి, ఎవరి సొంతం కాదు, ప్లాటు కొన్నప్పుడు పక్కనే బడి ఉందని బ్రోకర్ చెప్పాడు కాబట్టే కొన్నాం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే ఆ గదిలో లేని మూడోవాడి గురించి ఎవరూ మాట్లాడరు. లేఅవుటుకి అనుమతి ఇచ్చినప్పుడు ఇక్కడ పిల్లలు ఎంతమంది వస్తారని లెక్క వేయాల్సిన వాడు ఆ మూడోవాడు.

అసలు మన దగ్గర బడికి హద్దు అనేది ఉందా? చట్టం చదివితే ఒక రకంగా ఉంది, ఇంకో రకంగా లేదు. 2009 విద్యాహక్కు చట్టం, అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి ఇంటి చుట్టుపక్కల బడి ఉండాలంటుంది. కేంద్రం తయారుచేసిన నమూనా నిబంధనలు ఆ చుట్టుపక్కలకి కొలత ఇచ్చాయి: ఒకటి నుంచి ఐదు దాకా కిలోమీటరు నడక దూరంలో, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు. ఇది సర్కారు మీద పెట్టిన బాధ్యత. పిల్లాడి చుట్టూ కట్టిన కంచె కాదు. నువ్వు ఫలానా వీధి వాడివి కాబట్టి ఈ బడిలోకి రాకూడదు అనడానికి దాన్ని వాడకూడదు, కానీ మీటింగుల్లో సరిగ్గా అలాగే వాడుతుంటారు. వయసు రుజువు కాగితం లేదని చేర్చుకోకపోవడం కుదరదు, టీసీ ఆలస్యమైందని ఆపడం కుదరదు, ఏడాది మధ్యలో వచ్చాడని వెనక్కి పంపడం కుదరదు, ఇవన్నీ ఆ చట్టంలోనే ఉన్నాయి. జనం దట్టంగా ఉన్నచోట ఒకటికి మించి బడులు పెట్టొచ్చని కూడా నమూనా నిబంధనలు చెబుతున్నాయి, ఈ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

మరి హద్దు మారేది ఎలా? ఎవరూ మ్యాపు పరచి గీత గీయరు. ఏప్రిల్ రెండో వారంలో ఒక అమ్మ పిల్లాడిని తీసుకొస్తుంది, ఇక్కడ కూర్చోబెట్టడానికి చోటు లేదమ్మా, అవతల బడిలో ఖాళీగా ఉంటుంది, అక్కడికి వెళ్లండి అని మెల్లగా చెబుతారు. అదే హద్దు మార్పు. కాగితం లేదు, తీర్మానం లేదు, తేదీ లేదు. ఈ మాట ఎవరికి చెబుతారన్నదే ముఖ్యం. కౌన్సిలర్‌ని తెలిసినవాడికి చెప్పరు. అద్దెకి ఉన్నవాళ్లకి, పని కోసం ఊరు మారివచ్చిన వాళ్లకి, కొండ మీది గూడెం నుంచి దిగివచ్చి పట్నం చివర గుడిసె వేసుకున్న వాళ్లకి, ఆధార్‌లో పాత అడ్రసు ఉన్నవాళ్లకి చెబుతారు. ఈ లెక్కన చూస్తే మీటింగ్ పెట్టి గొడవపడి మ్యాపు మీద గీసిన గీతే ఎంతో నయం, కనీసం అది అందరికీ కనిపిస్తుంది, తప్పయితే అడగొచ్చు.

ఇళ్ల సంగతికి వస్తే, ఇందులో ఒక చిక్కు ఉంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014 నాటి ప్రణాళికా మార్గదర్శకాలు సుమారు 5,000 జనాభాకి ఒక ప్రాథమిక పాఠశాల, 7,500కి ఒక సీనియర్ సెకండరీ పాఠశాల చొప్పున స్థలం చూడమంటాయి. ఇంటికి నలుగురు అనుకుంటే 5,000 మంది అంటే 1,250 ఇళ్లు. రాయగడ లాంటి ఊళ్లో ఒకేసారి 1,250 ఇళ్లకి ఎవడు లేఅవుటు వేస్తాడు? అరవై ప్లాట్లు ఇక్కడ, డెబ్భై ప్లాట్లు అక్కడ, ఓ ఎకరం ముక్కని ఇరవై సైట్లుగా కోసి ఇంకోచోట. ఏ ఒక్కటీ బడి పెట్టాల్సినంత పెద్దది కాదు. ఇరవై పాతిక లేఅవుట్లు కలిస్తే బడి కావలసినంత జనం అవుతారు, కానీ అప్పటికి బడికి స్థలం మిగలదు, మిగిలినా రేటు చూసి ఎవరూ దాని జోలికి పోరు. ఒక్కో లేఅవుటు యజమానీ నిబంధన ప్రకారమే నడిచాడు, అయినా చివరికి పిల్లలు వరండాలో కూర్చున్నారు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. రాయగడ జిల్లా మొత్తం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న ఆదివాసీ ప్రాంతం. ఆదివాసీల భూమి ఆదివాసేతరులు కొనకుండా 1956 నాటి రెగ్యులేషన్ 2 ఆపుతుంది, 2002 సవరణ తర్వాత ఇంకా గట్టిగా. అది ఉండాల్సిన చట్టమే, దాని మీద ఫిర్యాదేమీ లేదు. కానీ దాని అర్థం ఏమిటంటే కొనడానికి వీలున్న పట్టా భూమి కొన్ని చోట్లే ఉంటుంది, ఇళ్లన్నీ ఆ కొన్ని చోట్లకే ఎగబడతాయి. ఊరంతా సమానంగా ఉబ్బదు, ఒక మూల ఉబ్బుతుంది. ఆ మూలనున్న ఒకటి రెండు బడుల మీదే భారమంతా. అదే ఊళ్లో రెండు కిలోమీటర్ల అవతల బడిలో గదికి పదిహేను మంది ఉండటం అందుకే వింతేమీ కాదు.

ప్లాటు అమ్ముడుపోయిన రోజున పిల్లలు రారు, ఇది కూడా గుర్తుంచుకోవాలి. కొన్నవాడు రెండు మూడేళ్లకి పునాది తీస్తాడు, కింద తాను ఉండి పై పోర్షన్ అద్దెకిస్తాడు. అద్దెకి వచ్చేది ఎక్కువగా కొత్తగా పెళ్లయినవాళ్లు, చిన్నపిల్లల వాళ్లు. అందుకే కొత్త కాలనీ బరువు బడి అంతటా ఒకేలా పడదు, కింది తరగతుల్లో పడుతుంది.

దీన్ని సగటు లెక్క దాచేస్తుంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రాథమిక పాఠశాలకి 121 నుంచి 200 మంది పిల్లల దాకా ఐదుగురు టీచర్లు, 150 దాటితే అదనంగా ఒక హెడ్మాస్టరు అని ఉంది. ఉదాహరణకి 190 మంది ఉన్న బడి అనుకుందాం. ఐదుగురు టీచర్లు, ఒక హెచ్చెం, ఐదు గదులు. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. ఇప్పుడు తరగతుల వారీగా చూడండి: ఒకటిలో 58, రెండులో 46, మూడులో 35, నాలుగులో 28, ఐదులో 23. సగటు 38, కానీ 38 మంది ఉన్న గది ఆ బడిలో ఒక్కటీ లేదు. పై ఆఫీసర్ సగటు చూసి బాగానే ఉంది కదా అంటాడు, ఒకటో తరగతి మేస్టారు మాత్రం 58 పలకలు దిద్దలేక బెల్లు ఎప్పుడు కొడతారా అని చూస్తుంటాడు. మరుసటి ఏడాది ఐదు నుంచి 23 మంది బయటికి పోతారు, ఒకటిలోకి 60 మంది వస్తారు, మొత్తం 227. ఏడాదికి ఏడాది ఇలా సాగుతుందని పసివాడైనా చెప్పగలడు. పైగా ఇప్పుడు ఒకటో తరగతికి ముందు శిశు వాటిక కూడా చాలాచోట్ల అదే ఆవరణలోకి వచ్చింది. ఇక మేస్టార్లని ఎన్నికల పనికి, జనగణనకి పంపడం చట్టమే ఒప్పుకుంది కాబట్టి ఐదుగురిలో ఐదుగురూ బడిలో ఉన్న రోజులు ఎన్నో విడిగా లెక్కేసుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు, భాష.

తక్కువ సంఖ్యలో ఉన్న భాషవాళ్ల పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే ఏర్పాటు చూడమని రాజ్యాంగం 350ఎ అధికరణ రాష్ట్రాలకి చెబుతుంది. 1956లో ఏడో సవరణతో చేరింది అది. దానికంటే ముందే, 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది: ఒక తరగతిలో ఆ భాష పిల్లలు పదిమంది ఉన్నా, బడి మొత్తమ్మీద నలభై మంది ఉన్నా, ఆ భాష చెప్పే టీచర్‌ని ఇవ్వాలి. పది–నలభై అని గుర్తుపెట్టుకుంటే చాలు. ఇన్నేళ్లయినా భాషా అల్పసంఖ్యాకుల విషయంలో ఈ కొలతే తిరుగుతోంది.

ఇప్పుడు పై బడినే తీసుకోండి. 190 మందిలో తెలుగు పిల్లలు 56 మంది అనుకుందాం, ఒకటి నుంచి ఐదు దాకా వరసగా 16, 13, 11, 9, 7. బడి మొత్తమ్మీద నలభై దాటారు, మూడు తరగతుల్లో పది దాటారు. ఏ రకంగా చూసినా తెలుగు మేస్టారు పోస్టు నిలబడుతుంది. రద్దీ తగ్గించడానికి మెయిన్ రోడ్డుని హద్దుగా పెట్టి రోడ్డుకి అవతలి పిల్లల్ని ఇంకో బడికి మార్చారు. తెలుగు పిల్లలు 30, 26గా విడిపోయారు. ఒకటో తరగతిలో 9, 7. రెండులో 7, 6. మూడులో 6, 5. ఇటు నలభై లేదు, అటు నలభై లేదు. ఏ తరగతిలోనూ పది లేదు. ఒక్క తెలుగు పిల్లాడూ ఊరు వదిలి పోలేదు, ఒక్కరూ చదువు మానలేదు, అయినా రెండు బడుల్లోనూ తెలుగు మేస్టారు అడిగే హక్కు మాత్రం పోయింది. ఒడియా మాట్లాడే ఇంటి పిల్లలకి ఇదే గీత వల్ల వచ్చేది మహా అయితే పది నిమిషాల నడక. వాళ్లకి అటూ ఇటూ ఒడియా మేస్టారే ఉంటాడు.

దీంట్లో కుట్ర ఏమీ లేదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. గీత గీసిన ఆఫీసర్ గదులు లెక్కపెట్టాడు, బెంచీలు లెక్కపెట్టాడు, దూరం చూశాడు. భాషల కాలమ్ చూడలేదు, అంతే. సోషల్ మీడియాలో దీన్ని వెంటనే తెలుగోళ్లూ ఒడియావాళ్లూ అన్న గొడవగా మార్చే వాళ్లుంటారు, దానివల్ల పోస్టు రాదు, ఉన్న పేరు కూడా పోతుంది. నిజానికి ఇదే బాధ కువి, కుయి, సవర లాంటి ఆదివాసీ భాషలు మాట్లాడే ఇళ్ల పిల్లలకి ఇంకా ఎక్కువ. ఆ భాషల్లో చిన్న తరగతులు చెప్పే కార్యక్రమం ఒడిశాలో చాలా ఏళ్లుగా ఉంది గానీ అది గూడేల్లోని బడులని దృష్టిలో పెట్టుకుని నడిచేది. పట్నం చివర కాలనీకి వచ్చేసరికి ఆ పిల్లలు ఎవరి లెక్కలోనూ ఉండరు.

తెలుగు, ఒడియా సెక్షన్లని ఒకే గదిలో కూర్చోబెట్టిన చోట ఒకసారి నల్లబోర్డు చూడండి. మధ్యలో నిలువుగా సుద్దగీత ఉంటుంది. ఎడమ పక్క ఒడియా గుండ్రాలు, కుడి పక్క తెలుగు తలకట్లు. ఒక మేస్టారు అటు రాస్తుంటే ఇటువాళ్లు ఎక్కాలు చూసి రాసుకుంటారు, ఎక్కాలు రెండు వైపులకీ ఒకటే కాబట్టి ఆ పది నిమిషాలు గది మొత్తం ప్రశాంతంగా ఉంటుంది. గదులు చాలని బడి చేసుకునే సర్దుబాటు ఇది, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ రెండు సెక్షన్లకీ సగం సగం మేస్టారు దొరికాడన్నమాట.

భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒప్పుకున్న ఏర్పాట్లలో ఇంకోటి కూడా ఉంది, చాలామందికి తెలియదు. బడి తెరవడానికి ముందే పిల్లాడికి ఏ భాషలో చదువు కావాలో తల్లిదండ్రుల చేత రిజిస్టర్‌లో నమోదు చేయించడం, ఒక బడిలో సంఖ్య చాలకపోతే దగ్గర బడుల పిల్లల్ని కలిపి సర్దడం. అంటే పైన చెప్పిన 30, 26 సమస్యకి జవాబు ఎప్పుడో రాసిపెట్టి ఉంది. హద్దు మార్చినా సరే, తెలుగు సెక్షన్‌ని మాత్రం విడదీయకుండా ఒక బడిలోనే ఉంచడం. అప్పుడు కొందరు తెలుగు పిల్లలు కొంచెం ఎక్కువ దూరం నడవాల్సి వస్తుంది, అది నిజమే. దూరమా, భాషా అన్నది ఆ ఇంటివాళ్లు ఎంచుకోవాల్సిన సంగతి. మ్యాపు వాళ్ల తరఫున ఎంచుకోకూడదు.

దూరం గురించి కూడా మీటర్లలో మాట్లాడితే తెగదు. కిలోమీటరు అంటే ఏ కిలోమీటరు? మధ్యలో రైలు పట్టాలుంటే, గేటు పడితే గూడ్స్ బండి పోయేదాకా నిలబడాల్సి వస్తే, ఆతృత కొద్దీ పిల్లలు గేటు కింద దూరితే? రాయగడ మీదుగా కోరాపుట్ వైపు పోయే 326 నంబరు జాతీయ రహదారి మీద లారీలు ఆగవు. ఆ రోడ్డు దాటించడానికి ఇంట్లో ఒక పెద్దమనిషి ఖాళీగా ఉండాలి, చాలా ఇళ్లలో ఆ పని నాయనమ్మది, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. వాగు, కొండచరియ, రోడ్డు ప్రమాదం లాంటివి ఉన్నచోట దూరం కొలతని తగ్గించి బడి పెట్టాలని నమూనా నిబంధనల్లోనే ఉంది. కాబట్టి రోడ్డు దాటాలి అన్నది సాకు కాదు, చట్టం ఒప్పుకునే వాదన. చాలామంది దాన్ని ఏడుపు మొహంతో చెబుతారు గానీ నిబంధన చూపించి చెప్పరు.

పిల్లల్ని బడి నుంచి బడికి మార్చడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు, కాకపోతే ఇంతకుముందు ఎక్కువగా తక్కువమంది ఉన్న బడుల విషయంలో జరిగింది. పిల్లలు తక్కువగా ఉన్న బడులని కలిపేయమని ఒడిశా సర్కారు 2020 మార్చిలో ఉత్తర్వు ఇస్తే, 2021 మేలో ఒరిస్సా హైకోర్టు దాన్ని కొట్టేసింది. గీతకి అవతల ఆంధ్రలో 2022 జూన్‌లో 117 నంబరు జీవో వచ్చి 3, 4, 5 తరగతులని కిలోమీటరు లోపు హైస్కూళ్లకి పంపింది, ఊరూరా తల్లిదండ్రులు గేట్ల దగ్గర కూర్చున్నారు, చివరికి 2025లో ఆ విధానాన్ని వెనక్కి తీసుకున్నారు. పార్వతీపురం వైపు చుట్టాలున్న వాళ్లందరికీ ఆ గొడవ తెలుసు. రెండు చోట్లా దెబ్బ తగిలింది ఒకే దగ్గర. ముందు చెప్పలేదు, అడగలేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇదే టెన్షన్ ఇంకో రూపంలో ఉంటుంది. టెక్సాస్‌లో ఫ్రిస్కో, వర్జీనియాలో లౌడన్ కౌంటీ లాంటి చోట్ల ఇంటి అడ్రసే స్కూలుని నిర్ణయిస్తుంది. కొత్త ఇళ్లు లేచి కొత్త స్కూలు తెరిచినప్పుడల్లా బోర్డు మ్యాపు మారుస్తుంది, స్కూలు పేరు మారితే ఇంటి ధర కూడా అటూ ఇటూ అవుతుందని భయం. అక్కడి గొడవలూ తక్కువేమీ కావు. కానీ వాళ్ల పద్ధతిలో రెండు మూడు సంగతులు చూసి నేర్చుకోదగ్గవి. ఇంటి రకాన్ని బట్టి, అపార్ట్‌మెంటా విడి ఇల్లా అని చూసి, వందిళ్లకి ఎంతమంది పిల్లలు వస్తారో ముందే అంచనా కడతారు. మ్యాపు ఒకటి కాకుండా రెండు మూడు ప్రతిపాదనలు జనం ముందు పెట్టి మాట్లాడనిస్తారు. ఆఖరి ఏడాది చదువుతున్న పిల్లల్ని సాధారణంగా పాత స్కూల్లోనే పూర్తి చేయనిస్తారు. ఈ ఆఖరిదానికి డబ్బు ఖర్చు లేదు, ఆఫీసు ఖర్చు కూడా లేదు. రాయగడలో ఐదో తరగతి పిల్లాడిని ఆ ఒక్క ఏడాదికి కదపకుండా ఉంచడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

మరి ఇక్కడ తల్లిదండ్రుల చేతిలో ఏముంది? స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. చాలాచోట్ల అది సంతకాల కమిటీ, టిఫిన్ల కమిటీ. కానీ చట్టం దానికి ఒక బలమైన పని ఇచ్చింది, బడి అభివృద్ధి ప్రణాళిక. మూడేళ్లకి, తరగతుల వారీగా, ఏ ఏడు ఎంతమంది పిల్లలు వస్తారో, ఎన్ని గదులు కావాలో, ఎంతమంది అదనపు టీచర్లు కావాలో అందులో రాయాలి. అలాగే ఊళ్లో పద్నాలుగేళ్ల లోపు పిల్లల రికార్డు ఉంచాల్సిన బాధ్యత స్థానిక సంస్థది, పట్నంలో అయితే మున్సిపాలిటీది. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ ఎన్ని బెంచీలు చాలవో రెండేళ్ల ముందే తెలుస్తుంది. పెట్టి చూసేవాళ్లే తక్కువ.

ఇంకోటి, సమయం. ఏప్రిల్‌లో అరిస్తే లాభం లేదు. దేశంలోని బడులన్నిటి వివరాలు నమోదయ్యే యూడైస్‌లో బడి లెక్కలకి ప్రామాణిక తేదీ సెప్టెంబరు 30, ఆ లెక్క మీదే టీచర్ల సర్దుబాటు, గదుల మంజూరు నడుస్తాయి. బడులకి నిధులిచ్చే సమగ్ర శిక్షా పథకం వార్షిక ప్రణాళిక చలికాలంలో తయారై ఆర్థిక సంవత్సరం మారేలోపు పైకి పోతుంది. అంటే వచ్చే ఏప్రిల్ గొడవ గురించి మాట్లాడాల్సింది దసరా నుంచి సంక్రాంతి లోపు. అప్పుడు బ్లాకు విద్యాధికారి (బీఈఓ) ఆఫీసుకి వెళ్తే మనిషి ఖాళీగా కూర్చుని వింటాడు కూడా. ఏప్రిల్‌లో వెళ్తే మీకంటే ముందు నలభై మంది ఉంటారు.

ఈ లోపల నిశ్శబ్దంగా వెళ్లిపోయేవాళ్లు వెళ్లిపోతూనే ఉంటారు. కాస్త డబ్బున్నవాళ్లు ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో వేస్తారు. ఇంకొందరు రైలెక్కించి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం హాస్టళ్లకి పంపుతారు, అక్కడైతే తెలుగూ వస్తుంది, మార్కులూ వస్తాయని. ఎవరి పిల్లల గురించి వాళ్లు ఆలోచించుకోవడంలో తప్పు లేదు. కాకపోతే అలా వెళ్లే ప్రతి తెలుగు పిల్లాడూ ఇక్కడ పది–నలభై లెక్కలోంచి ఒకటి తీసుకుని వెళ్తున్నాడు. మిగిలేది వెళ్లే స్థోమత లేనివాళ్లు, వాళ్ల సంఖ్య 41 నుంచి 39కి దిగిన రోజున ఆ సంగతి వాళ్లకి చెప్పేవాళ్లు కూడా ఉండరు. పదో తరగతిలో తెలుగుని మొదటి భాషగా రాసే వీలు ఒడిశా బోర్డులో ఉంది. అక్కడిదాకా తెలుగు చెప్పే మనిషి బడిలో మిగలాలి, అంతే.

కాబట్టి హద్దు మార్చే మీటింగ్ జరిగితే కమిటీ తీర్మానం పుస్తకంలో ఒక్క వాక్యం గట్టిగా పట్టుబట్టి రాయించుకోవాలి: తెలుగు సెక్షన్‌ని విడదీయకూడదు, విడదీయక తప్పకపోతే రెండో బడిలో తెలుగు మేస్టారు చేరాకే పిల్లల పేర్లు మార్చాలి. మంజూరయ్యాక కాదు, చేరాక. ఈ రెండు మాటల మధ్య ఒక్కోసారి మూడేళ్లు పడతాయి. ఆ వాక్యం లేకుండా సంతకాలు పెట్టేస్తే, ఏప్రిల్‌లో అవతలి బడికి వెళ్లిన ఆ 26 మందిని తెలుగు పీరియడ్ వచ్చినప్పుడు ఏం చేయాలో అక్కడ ఎవరికీ తెలియదు. మామూలుగా అయితే ఆడుకోమని బయటికి పంపేస్తారు.